పాత ఆది, కొత్త సీటు

మధ్యాహ్నం భోజనమయ్యాక భార్య కునుకు తీస్తుంటే, అంగుళం మావయ్య మెడలోంచి టేపు తీసి, చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, మునివేళ్ళ మీద గదిలోకి వెళ్ళాడు. నలభై ఏళ్ళుగా నలుగురి కొలతలూ పట్టపగలు బాహాటంగా తీసిన మనిషికి, సొంత పెళ్ళాం కొలతలు దొంగతనంగా తియ్యాల్సి రావడం ఇదే మొదలు.

టేపు తుంటి దగ్గర ఆనించాడు. మోకాలి దాకా లాగాడు. చెవి మీది పెన్సిలు అందుకున్నాడు.

"ఊపిరి బిగబట్టమంటారా, వదిలెయ్యమంటారా?" అంది ఆవిడ కళ్ళు తెరవకుండానే.

టేపు చేతిలోంచి జారిపోయింది.

"నిద్రపోలేదా నువ్వు?"

"పోయాను. కాలి మీద పాము పాకినా నాకు తెలీదనుకోండి. మీ ఊపిరే రైలింజనులా వినపడితే లేచాను."

"అదేం లేదే... కొత్త గౌను కుడదామనీ..."

"గౌనుకి తొడ పొడుగెందుకండీ?"

"ఇది కొత్త మోస్తరు గౌను."

"ఆఖరి బట్టకేమో అనుకున్నా. దానికి కొలతలక్కర్లేదులెండి, తానులోంచి చింపి చుట్టెయ్యడమే. మీకు మిషనెక్కే శ్రమ కూడా ఉండదు."

"ఛీ ఛీ, అవేం మాటలే!"

"టైలరు పెళ్ళాన్ని. బట్టల సంగతి కాక ఇంకేం మాట్లాడతాను?" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

అటు తిరిగిందంటే నడుము పై భాగం తిరిగిందని. కింది భాగాన్ని మావయ్య తిప్పాడు. కొన్ని నెలలుగా ఆ ఇంట్లో ఇద్దరు కలిసి ఒక మనిషిని తిప్పుతున్నారు.

అంగుళం మావయ్య అన్న పేరు ఊరికే రాలేదు. ఎవరికి ఏం కుట్టినా, కొలత మీద ఒక అంగుళం వదులు పెట్టడం ఆయన అలవాటు. "రేపు ఒళ్ళు చేస్తే?" అనేవాడు. మనిషన్నవాడు పెరుగుతాడే గానీ తరగడని ఆయన గట్టి నమ్మకం. ఆయన కుట్టిన చొక్కా బిగుతైందని ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు. సరిగ్గా సరిపోయిందని కూడా ఎవరూ రాలేదు, అది వేరే సంగతి.

ఆవిడ పేరు డ్రైవరమ్మ. పద్దెనిమిదేళ్ళు బడి వ్యాను నడిపింది. ఆ వ్యానెక్కిన పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులైనా, దార్లో కనపడితే 'డ్రైవరమ్మా' అనే పిలుస్తారు. వ్యాను మానేశాక ఇంట్లో ఒక చిన్న కారు ఉండేది. స్టీరింగు ఆవిడది, పక్క సీటు మావయ్యది. ఆ సీట్లో కూర్చుని దారి చెప్పడం ఆయన పని. ఆయన చెప్పిన దారికి ఎదురుగా వెళ్ళి త్వరగా చేరడం ఆవిడ పని. ముప్ఫై అయిదేళ్ళ కాపురం ఆ విధంగా ఎక్కడా ఆగకుండా సాగింది.

జబ్బు ముందు పాదంలోకి వచ్చింది. తర్వాత మోకాలు ఎక్కింది. ఇంట్లో అద్దెకి దిగినవాడు ఒక్కో గదీ ఆక్రమించినట్టు, ఎవర్నీ అడక్కుండా పైకి వచ్చింది.

అయిదు నెలల కిందట ఒక ఉదయం, కారు కొట్టు ముందు ఆపబోతుంటే ఆవిడ పాదం యాక్సిలేటరు మీద అలాగే ఉండిపోయింది. తియ్యమని ఆవిడ చెప్పింది, కాలు వినలేదు. కారు మెట్టెక్కి, అద్దం పగలగొట్టుకుని, మావయ్య కొట్లోకి వచ్చింది. మిషను ముందు కూర్చున్న ఆయనకి రెండు మూరల దూరంలో ఆగింది. మధ్యలో కోటు తొడుక్కుని నిలబడిన కొట్టు బొమ్మ రెండు ముక్కలైంది. దాని తల దొర్లుకుంటూ వచ్చి ఆయన పాదాల దగ్గర ఆగింది.

ఆవిడకి గీత కూడా పడలేదు. ఆయనకీ పడలేదు. కానీ ఆ రోజు మావయ్య కారు తాళం తీసుకెళ్ళి బొత్తాల డబ్బాలో దాచాడు. ఆవిడ ఆ తర్వాత ఒక్కసారి కూడా తాళం అడగలేదు. అడిగితే వెయ్యడానికి ఆయన దగ్గర పది కేకలు సిద్ధంగా ఉన్నాయి. అడక్కపోవడానికి మాత్రం జవాబు లేదు.

కారుకి దెబ్బలు బాగు చేయించి, కప్పేసి ఉంచాడు. ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు.

"కాళ్ళు తిరిగి రావు," అన్నాడు డాక్టరు. "చేతులు మాత్రం ఇంకో రెండేళ్ళు, బాగుంటే మూడేళ్ళు పని చేస్తాయి. ఆ తర్వాత సంగతి నేను చెప్పలేను."

బయటికొచ్చాక ఆవిడ చక్రాల కుర్చీలోంచి తల పైకెత్తి, "విన్నారా?" అంది.

"ఏది?"

"డాక్టరు చెప్పింది."

"ఫ్యాను చప్పుడులో సరిగ్గా వినపడలేదే."

"ఆ గదిలో ఫ్యాను లేదండీ."

మావయ్య భక్తుడు. పొద్దున్నే స్నానం చేసి, దేవుడి పటం ముందు చేతులు కట్టుకుని నిలబడందే మిషను ముట్టడు. ఆ ఆస్పత్రి రోజు నుంచీ ఆయన ప్రార్థన బేరంలోకి దిగింది. 'దాని కాళ్ళు దానికిచ్చెయ్, బదులుగా నా కాళ్ళు తీసుకో' అని మొదలుపెట్టేవాడు. మిషను గుర్తొచ్చి, 'రెండూ కాదు, ఒకటి' అని సవరించుకునేవాడు. దేవుడు అవుననలేదు, కాదనలేదు. ఆయన ఎవరికి ఏ ఆది కొలత చూసి ఆయుష్షు కత్తిరిస్తాడో, కత్తిరించే ముందు ఒకసారి మనిషి వైపు చూస్తాడో లేదో, మావయ్యకి ఈ మధ్య తరచుగా అనుమానం వస్తోంది. అనుమానం వచ్చినప్పుడల్లా లెంపలు వేసుకుంటున్నాడు.

బేరం కుదరక చివరికి పథకం వేశాడు. నెలాఖరుకి ఆవిడ అరవయ్యో పుట్టినరోజు. ఆ లోపల తను గుట్టుగా కారు నేర్చుకోవాలి. పక్క సీటు తీయించి, బయటికి తిరిగి, మనిషిని కూర్చోబెట్టుకుని, మళ్ళీ లోపలికి తిరిగే సీటు పెట్టించాలి. ఇక ఆవిడ పక్కన కూర్చుంటుంది, తను నడుపుతాడు. ఆవిడ స్టీరింగు ముట్టుకోకుండా, క్షేమంగా, నూరేళ్ళు.

ఆవిడని అడగాలన్న ఆలోచన ఆయనకి రాలేదు. బహుమతి అడిగి ఇస్తారా?

ఆ మధ్యాహ్నం ఆవిడ అటు తిరిగాక ఎలాగో తీసిన కొలతలు పట్టుకుని కొట్లోకి వచ్చి, ఆది పుస్తకం తెరిచాడు. కొత్త బట్ట కుట్టడానికి కొలత కోసం ఇచ్చే పాత బట్టని ఆది అంటారు. ఆది తెచ్చిన ప్రతి మనిషికీ ఆయన పుస్తకంలో ఒక పేజీ ఉంది. భార్య పేజీ పన్నెండేళ్ళ నాటిది, సల్వారు కుట్టినప్పటిది. తొడ చుట్టుకొలత ఇరవై రెండు అంగుళాలు. ఇవాళ్టి చీటీలో పదిహేను.

టేపు సాగిందేమోనని స్కేలు పక్కన పెట్టి చూశాడు. టేపు సరిగ్గానే ఉంది.

ఊరందరికీ కొలిచి కుట్టే ఆ మనిషి భార్య నాలుగు నెలలుగా భుజం దగ్గరో పిన్నీసు, నడుం దగ్గరో పిన్నీసు పెట్టుకుని తిరుగుతోంది. ఎన్ని గౌన్లు కుట్టినా ఆయన పాత ఆదికే కుడుతున్నాడు. కిందటి నెల కుట్టినదాన్ని చూసి, "ఇందులో ఇద్దరం దూరొచ్చు, రండి," అంది ఆవిడ.

ఇవాళ్టి చీటీ చింపేశాడు. కొత్త చీటీ మీద పాత అంకెలు ఎక్కించాడు. అలవాటు కొద్దీ ఒక్కోదాని మీదా ఒక అంగుళం కలిపాడు. 'కొంచెం ఒళ్ళు చేస్తే సరిపోతుంది' అని దేవుడికి చెప్పుకున్నాడు.

కార్లు మార్చే షెడ్డులో నేల మీద సీట్లు పీకిన పళ్ళలా పడి ఉన్నాయి. గోడకి రకరకాల ఇనుప మీటలు వేలాడుతున్నాయి. షెడ్డు యజమాని నిదానం మేస్త్రీ. ఒక కాలు మోకాలి దాకానే ఉంటుంది. డ్రైవరమ్మ వ్యానుకి పద్దెనిమిదేళ్ళూ బ్రేకులు వేసింది ఆయనే.

"తిరిగే సీటు కావాలి. డ్రైవరు పక్కది," అన్నాడు మావయ్య తాళం, చీటీ బల్ల మీద పెట్టి.

"నిదానం. మనిషెక్కడ?"

"ఇంట్లో."

"మనిషి రాకుండా సీటెట్టా పెడతానండీ?"

"కొలతలు తెచ్చాగా!"

"కూర్చోబెట్టి తీశారా, పడుకోబెట్టి తీశారా?"

మావయ్య చీటీని ఇంకొంచెం ముందుకి జరిపాడు.

"టైలరుగారూ, ఇది కోటు కాదు. కూర్చుంటే మోకాలు ఎంత ముందుకొస్తుందో, తల తలుపు చట్రానికి తగుల్తుందో లేదో, నడుం ఎటు ఒరుగుతుందో, చేతిలో పట్టెంత మిగిలిందో, కుర్చీని డిక్కీలోకి ఎవరు ఎత్తుతారో, ఇవేవీ టేపుకి తెలీవు. మనిషొచ్చి రెండు మూడు రకాలు ఎక్కి దిగి చూసుకోవాలి. అదీ ఇవాళ్టికని కాదు, రెండేళ్ళ తర్వాత ఎట్టా ఉంటారో ఆలోచించుకుని మరీ పెట్టుకోవాలి."

రెండేళ్ళన్న మాట వినగానే మావయ్య గోడ మీది మీటలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఇంతకీ డ్రైవరమ్మగారు నడుపుతారా, పక్కన కూర్చుంటారా?"

"కూర్చుంటుంది."

"ఆవిడన్నారా?"

"నేనంటున్నాగా!"

"ఆ మీట చూశారా? ముందుకి నెడితే బ్రేకు, వెనక్కి లాగితే యాక్సిలేటరు. కాళ్ళతో పన్లేదు. నేను పదకొండేళ్ళుగా దాంతోనే..."

"నువ్వు కుర్రాడివి."

"నాకు యాభై ఎనిమిది."

"చూడు మేస్త్రీ, బాగుచేతకని చెప్పి కారు తెచ్చుకో. సీటు సంగతి ఆవిడకి తెలియకూడదు. పుట్టినరోజుకి ఆశ్చర్యపోవాలి. మాటివ్వు."

మేస్త్రీ చీటీ చేతిలోకి తీసుకుని, అంకెలు ఒకటికి రెండుసార్లు చదివి, "నిదానం," అన్నాడు.

దాన్ని మావయ్య మాటిచ్చినట్టు లెక్కేసుకున్నాడు.

మర్నాటి నుంచి బొత్తాలు కొనాలన్న నెపంతో పొద్దున్నే బయల్దేరి, డ్రైవింగు బడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. నేర్పే అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి. కారు హారన్ కన్నా ఆమె గొంతే ముందు వినపడుతుంది గనక అందరూ ఆమెని హారన్ మేడమ్ అంటారు.

నలభై ఏళ్ళు మిషను తొక్కిన కాళ్ళకి పెడల్ అంటే ఒకటే అర్థం. మడమ, మునివేళ్ళు, మడమ, మునివేళ్ళు. మావయ్య రెండు పాదాలూ రెండు పెడళ్ళ మీద పెట్టి లయ తప్పకుండా తొక్కాడు. కారు ఒకసారి ఉరికి, ఒకసారి ఆగి, మళ్ళీ ఉరికి, మైదానం పొడుగునా సమానమైన దూరాల్లో టైరు మరకలు వేసింది.

"బాబాయిగారూ! రోడ్డుని కుట్టకండి!" అని అరిచింది హారన్ మేడమ్.

"ఆపితే దారం తెగుతుందమ్మా," అన్నాడు మావయ్య కంగారులో.

పదహారు రోజులు గడిచాయి. ఆయనకి కారు రాలేదు గానీ, కారు అలవాట్లు వచ్చేశాయి. వంటింట్లోకి తిరిగే ముందు కుడి చెయ్యి చాపుతున్నాడు. వరండాలోంచి వెనక్కి నడవాల్సి వస్తే మెడ తిప్పి రెండు భుజాల మీంచీ చూసుకుంటున్నాడు.

"బొత్తాలు దొరికాయా?" అనేది ఆవిడ రోజూ.

"లేవుట."

"పదహారు రోజుల్నించీనా? అయితే జనమంతా చొక్కాలు చేత్తో పట్టుకుని తిరుగుతున్నారన్నమాట."

"నాలుగు కన్నాలవి దొరకట్లేదే. ఇంతకీ నీ చేతికి ఆ గ్రీజు మరకేమిటి?"

"కుర్చీ చక్రానిది."

"నిన్న కూడా ఉంది."

"చక్రం నిన్న కూడా తిరిగింది కదండీ."

జవాబు తిరుగులేనిదిగా తోచి మావయ్య ఊరుకున్నాడు. చేతిలో గుట్టు పెట్టుకున్నవాడికి ఎదుటివాళ్ళ చేతిలో గుట్టు కనపడదు.

పుట్టినరోజుకి రెండు రోజుల ముందు లైసెన్సు పరీక్ష. పరీక్ష ఆఫీసరు పక్కన కూర్చుని, "మెల్లగా ముందుకు పోనివ్వండి," అన్నాడు. మావయ్య దేవుణ్ణి తలుచుకున్నాడు. కాళ్ళు మాత్రం మిషనునే తలుచుకున్నాయి. కారు నాలుగు కుట్లు వేసి, అయిదో కుట్టు పాత టైర్ల గుట్ట మీద వేసింది. మావయ్య మోకాలు స్టీరింగు కింద ఠంగుమని తగిలింది.

ఆఫీసరు కిందకి దిగి, చొక్కా దులుపుకుని, కాయితం మీద అడ్డంగా గీత గీశాడు.

"పొద్దున్న ఒకావిడ వచ్చిందండీ. రెండు కాళ్ళూ కదలవు. చేతులతో నడిపింది. వెన్న మీద కత్తిలా పోయింది కారు. మీకేమో రెండు కాళ్ళూ ఉన్నాయి."

మావయ్యకి రోషం వచ్చింది. "అలాంటి మనిషిని కారెక్కనిచ్చిన మొగుడెవరండీ?"

"ఆయనకి తెలీదుట."

"పాపం!" అన్నాడు మావయ్య.

"పాపమెవరు? ఆవిడా?"

"ఆవిడ కాదండీ, ఆ మొగుడు!" అని కుంటుకుంటూ ఇంటి దారి పట్టాడు.

"కాలికేమైంది?" అంది ఆవిడ, గుమ్మంలో కుర్చీ ఆపి.

"బొత్తాల కొట్టు మెట్టు తగిలింది."

"ఆ కొట్టుకి మెట్లు లేవుగా."

"అందుకే తగిలింది. ఉందనుకుని కాలెత్తాను."

ఆవిడ నవ్వలేదు. వాచిన మోకాలి వైపు కొంచెం సేపు చూసింది. తన పిన్నీసు ఒకటి సర్దుకుంది. "నలభై ఏళ్ళ మిషను మోకాళ్ళు. ఇప్పటికే కార్లోంచి దిగాలంటే ఇరుక్కుపోయిన సొరుగు లాగినట్టుంటుంది మీ పని," అని మాత్రం అంది.

పుట్టినరోజు పొద్దున్న మావయ్య పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. లైసెన్సు లేదు. అయినా సీటుంది. ముందు ఆవిడ ఆ సీట్లో కూర్చుంటే చాలు, తర్వాత ఎవరినైనా డ్రైవరుని పెట్టుకోవచ్చు. 'దాన్ని నా కళ్ళ ముందుంచు' అని అడిగాడు. అడిగాక, తను అడుగుతున్నది ఆవిడ కోసమా, తన కోసమా అని ఒక్క క్షణం తికమక పడ్డాడు. బయట హారన్ మోగడంతో ఆ ప్రశ్న అక్కడే వదిలేసి పరిగెత్తాడు. పరిగెత్తడమంటే, ఆ మోకాలితో ఎంత వీలైతే అంత.

మేస్త్రీ కారు తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. స్టీరింగు మీద ఒక గుడ్డ కప్పి ఉంది. 'ఎండకి' అన్నాడు. చేతిలో ఉన్న రిమోటు నొక్కితే, పక్క సీటు మెల్లగా బయటికి తిరిగి, కిందికి వంగి నిలబడింది.

"చూశావా! నీకే!" అన్నాడు మావయ్య ఛాతీ విరుచుకుని.

ఆవిడ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. "అబ్బో! తిరుగుతోందే! నాకు భయంగా ఉందండీ. ముందు మీరు కూర్చుని చూపించండి."

ముప్ఫై అయిదేళ్ళలో ఆ మనిషి నోటి వెంట భయమన్న మాట రాలేదు. అక్కడే ఆయనకి అనుమానం రావాల్సింది. రాలేదు సరికదా, పొంగిపోయాడు.

కూర్చున్నాడు. సీటు ఆయన్ని పట్టుకుంది. నడుం సరిగ్గా ఆనింది. వాచిన మోకాలికి ఎంత చోటు కావాలో అంతే చోటుంది. జీవితంలో మొదటిసారి ఒక వస్తువు తనకి కొలిచి కుట్టినట్టుంది. అంగుళం కూడా వదులు లేదు.

'ఇదేమిటి, ఇవి నా కొలతల్లా ఉన్నాయే' అనుకునేలోగా మేస్త్రీ బెల్టు పెట్టాడు. సీటు లోపలికి తిరిగింది. తలుపు మూసుకుంది.

ఆవిడ కుర్చీ దొర్లించుకుంటూ అవతలి వైపు వెళ్ళింది. తలుపు తీసి, నున్నటి చెక్క పలక ఒకటి కుర్చీకి, డ్రైవరు సీటుకి వంతెనలా వేసి, దాని మీదుగా లోపలికి జారింది. ఎడమ కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది. కుడి కాలు ఎత్తి దాని పక్కన పెట్టుకుంది, సంతకి వెళ్ళి వచ్చిన సంచులు సర్దినట్టు. డిక్కీలోంచి ఒక చిన్న కొక్కెం తలుపు దాకా సాగి వచ్చి కుర్చీని ఎత్తుకుంది. ఆవిడ గుడ్డ లాగేసింది. స్టీరింగు పక్కన ఇనుప మీట ఉంది. చక్రం మీద పట్టుకోవడానికి గుండ్రటి పిడి ఉంది. కింద పెడళ్ళ మీద మూత ఉంది.

"ఏమిటే ఇది?"

"కారండీ."

"మేస్త్రీ! తలుపు తియ్యి!"

"నిదానం, టైలరుగారూ," అని మేస్త్రీ రిమోటు ఆవిడ ఒళ్ళో పడేసి, సలాము కొట్టాడు.

"మీరు బొత్తాలకి వెళ్ళిన పదహారు రోజులూ నేను షెడ్డుకి వెళ్ళాను. మేస్త్రీ తన వ్యాను తెచ్చి ఎక్కించుకునేవాడు. నాలుగు రకాల మీటలు చూశాను. ఒకటి బరువు, ఒకటి మోకాలికి తగిలేది, ఒకటి మూల తిరిగేటప్పుడు అందేది కాదు. ఇది కుదిరింది. మొన్న పరీక్ష కూడా అయింది. నా తర్వాత ఎవరో వచ్చి టైర్లని కుట్టాట్ట. ఆఫీసరు మేస్త్రీకి చెప్పాట్ట."

మావయ్య వాచిన మోకాలు చేత్తో కప్పుకున్నాడు.

"'పాపం ఆ మొగుడు' అని కూడా అన్నాట్ట."

"ఈ సీటు..."

"మీదే. మీ మోకాళ్ళకి. ఇంట్లో టేపు మీ ఒక్కరి దగ్గరే ఉందనుకున్నారా? మీరు కుర్చీలో కూర్చుని గుర్రు పెడుతుంటే కొలిచాను. కూర్చోబెట్టే తియ్యాలిట కదా."

కారు కదిలింది. మావయ్య రెండు చేతులూ డాష్‌బోర్డు మీద పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

"ఆపవే. నీకు దణ్ణం పెడతాను. మళ్ళీ కాలు ఇరుక్కుంటే?"

"కాలికి ఈ కార్లో పనే లేదండీ. మూత వేసేశారు. పద్దెనిమిదేళ్ళు పని చేసింది, ఇక కూర్చుని చూస్తుంది."

"ఆ రోజు..." అన్నాడు. "ఆ రోజు ఆ తల నా కాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ వస్తే... నీదనుకున్నానే."

ఆవిడ మూల దగ్గర మీట నెమ్మదిగా నెట్టింది, కారు వంగింది, మళ్ళీ నిలదొక్కుకుంది.

"నాకు తెలుసు," అంది. "అందుకే అయిదు నెలలు తాళం అడగలేదు. మీ భయం తగ్గాక అడుగుదామనుకున్నా. అది తగ్గేదాకా ఆగితే నా చేతులు అయిపోతాయండీ."

మావయ్య కళ్ళు తెరిచి ఆ చేతుల వైపు చూశాడు. బొటనవేలి దగ్గర కండ కొంచెం పల్లమైంది. కాలికి కూడా మొదట్లో అలాగే అయింది. ఇన్నాళ్ళూ రోజూ గ్రీజు మరక చూశాడు గానీ, దాని కింద పల్లం చూడలేదు.

మీట మొదట్లో మూడు రంధ్రాలున్నాయి. బోల్టు మొదటిదాంట్లో ఉంది.

"అవేమిటి?"

"చేతి బలం తగ్గితే మేస్త్రీ బోల్టు రెండోదాంట్లోకి మారుస్తాడు. తేలిగ్గా కదుల్తుంది. ఇంకా తగ్గితే మూడోది."

"తర్వాత?"

"తర్వాత మూత తీసేసి మీరు తొక్కుతారు. హారన్ మేడమ్‌తో మాట్లాడాను. మళ్ళీ మొదట్నుంచి చెబుతానంది. ముందు పదిహేను రోజులూ ఒక కాలు సీటుకి కట్టేస్తుందిట."

కారు ఆగింది. మావయ్య చూస్తే బొత్తాల కొట్టు. మెట్లు లేవు.

"దింపు," అన్నాడు.

ఆవిడ రిమోటు మీద చెయ్యి పెట్టి, రెండో చేత్తో మడత పెట్టిన చీటీ తీసింది. మావయ్య మేస్త్రీకి ఇచ్చిన చీటీ.

"ఇందులో ఉన్నావిడ ఎవరండీ?"

మావయ్య చీటీ అందుకోబోయాడు.

"బాగానే ఉండేది, పాపం. నాకూ ఇష్టమే ఆవిడంటే. కానీ ఇప్పుడు లేదు. లేనావిడకి గౌన్లు కుట్టి నాకు తొడుగుతున్నారు. పిన్నీసులు గుచ్చుకుంటున్నాయండీ." ఆవిడ గొంతులో వెటకారం ఎక్కడో దిగిపోయింది. "టేపు మెడలోనే ఉంది. కొలిచి రాయండి. రాశాకే సీటు తిరుగుతుంది."

మావయ్య జేబులోంచి ఆది పుస్తకం తీశాడు. గేరు మీదుగా వంగి, టేపు చుట్టాడు. మూడు వారాల కిందట పదిహేను. ఇవాళ పద్నాలుగున్నర. స్కేలు పెట్టి సరిచూసుకోలేదు. కొత్త పేజీ తీసి, పెన్సిలు నొక్కి, తేదీ వేసి, రాశాడు.

ఆవిడ మెడ చాచి చూసింది.

"పదిహేనున్నర అని రాశారు."

"అలవాటు..."

"అంగుళం కొట్టెయ్యండి."

కొట్టేశాడు. ఆ గీత గియ్యడానికి ఆయనకి ఒక చొక్కా కాలరు కుట్టేంత సేపు పట్టింది.

అప్పుడు రిమోటు నొక్కింది. సీటు మెల్లగా తిరిగి, మావయ్యని బయటికి తెచ్చి, కిందికి వంచి, కొట్టు ముందు అమ్మకానికి పెట్టిన బొమ్మలా కూర్చోబెట్టింది.

కొట్టాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఏం మావయ్యా, ఆర్నెల్లయింది నువ్వు కనపడి! ఏమిటీ రాక, సింహాసనం మీద?"

వెనక నుంచి పకపకా నవ్వు వినపడింది. మావయ్య వెనక్కి తిరగలేదు.

"బొత్తాలు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "చిన్నవి. ఎక్కువే ఇవ్వు. గౌన్లన్నీ లోపలికి పట్టాలి."

కొట్టాయన డబ్బాలు దించుతుంటే మావయ్య కళ్ళు మూసుకున్నాడు. చేతులు కట్టుకోవడానికి ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో టేపు అడ్డొచ్చాయి. ఈసారి బేరమాడలేదు. కాళ్ళు తిరిగిమ్మనలేదు, తన కాళ్ళు ఇస్తాననలేదు. పుస్తకంలో ఇప్పుడే కొట్టేసిన అంగుళం ఒకటి ఖాళీగా ఉంది కదా, దాన్ని ఆ మీట మీద, మొదటి రంధ్రానికీ రెండో రంధ్రానికీ మధ్య ఎక్కడైనా కలపమన్నాడు. అంతే.

వెనక హారన్ మోగింది.

"ప్రార్థన తర్వాత చేసుకుందురుగానీ, దారికి అడ్డంగా ఉన్నారు. లోపలికి తిప్పుతున్నా, కాళ్ళు ముడుచుకోండి!"

మావయ్య కాళ్ళు ముడుచుకున్నాడు.